2000–2005 హిట్ పాటలు: గెట్ టుగెదర్ లిస్టు చేసేటోళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఇప్పుడు నల్లగొండ, పాలమూరు దిక్కు ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక స్కూల్లో పూర్వ విద్యార్థుల కలయిక ఉంటది. ఫ్లెక్సీ కొట్టిస్తరు, సార్లకు శాలువాలు కప్పుతరు, అన్నం తిన్నంక పాటలు పెట్టుకుంటరు. ఆ పాటల లిస్టు కోసం నాకు ఫోన్లు వస్తయి, ఎందుకంటే ఇంటర్, డిగ్రీ చదివినప్పుడు దేవరకొండలో ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపులో సాయంత్రాలు కూర్చునేటోణ్ని, ఇప్పటికీ ఇంట్ల నాలుగు అట్టడబ్బాల క్యాసెట్లు ఉన్నయి. అడిగేవి అవే డౌట్లు, చెప్పేవి అవే జవాబులు, అందుకని ఒక్కసారి కూర్చుని రాసిన. మీకు ఏది కావాల్నో అదొక్కటి చదువుకున్నా చాలు.

## లిస్టు మొదలుపెట్టే ముందు

అన్నా, 2001ల తెలుగుల నెంబర్ వన్ పాట ఏది?

అట్లాంటి నెంబర్ ఎవ్వరూ ఇయ్యలే. తెలుగు పాటలకు అప్పట్ల అందరూ ఒప్పుకునే ఒక చార్ట్ అనేది లేనే లేదు. ఆడియో కంపెనీ తన అమ్మకం తాను చెప్పుకునేది, టీవీ ప్రోగ్రామోళ్లు తమకు వచ్చిన ఉత్తరాలు, ఫోన్లు చూసుకునేటోళ్లు, సినిమా పత్రికలోళ్లు తమ లెక్క తాము రాసేటోళ్లు. కాబట్టి 2001 పెద్ద హిట్లు ఏవంటే ఖుషి, నువ్వు నేను, మనసంతా నువ్వే, నువ్వు నాకు నచ్చావ్, మురారి, స్టూడెంట్ నెం.1 అని సినిమాల పేర్లు ధైర్యంగా చెప్పొచ్చు గానీ వాటిల్లో ఒకటో నెంబర్ ఏది, రెండో నెంబర్ ఏది అంటే మీ ఊర్ల ఒకటి, మా ఊర్ల ఒకటి.

మరి యూట్యూబ్‌ల "2002 టాప్ 10" అని వీడియోలు ఉన్నయి కదా, అవి కరెక్టేనా?

అవి చేసినోళ్ల ఇష్టం, అంతే. యూట్యూబ్ వచ్చిందే 2005ల. 2002 పాటకు ఇప్పుడు కనిపించే వ్యూస్ అన్నీ తర్వాత చూసినోళ్లవి, అందులో సగం మంది ఆ పాట వచ్చినప్పుడు పుట్టి కూడా ఉండరు. ఇప్పుడు ఎక్కువ చూస్తున్నరంటే అప్పుడు ఎక్కువ మోగిందని అర్థం కాదు. నేను చేతులతో వంద సార్లు రికార్డ్ చేసిచ్చిన పాటలు కొన్నిటికి ఇయ్యాల వ్యూస్ చూస్తే మనసు చివుక్కుమంటది.

చార్ట్ అంటే అసలేంది, ఎవరు లెక్కపెడ్తరు?

ఒక వారంలో ఏ పాట ఎంత అమ్మింది, రేడియోలో ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కగట్టి వరుసలో పెట్టే పట్టిక. ఇంగ్లండ్‌ల 1952 నవంబర్‌లో ఒక సంగీత పత్రికోళ్లు రికార్డు షాపులకు ఫోన్ చేసి ఏది బాగా పోతుందని అడిగి మొదటి సింగిల్స్ (విడిగ అమ్మే పాటల) చార్ట్ వేసిన్రు. అమెరికాల బిల్‌బోర్డ్ అనే పత్రికోళ్ల హాట్ 100 అనేది 1958 ఆగస్టుల మొదలైంది. చాన ఏండ్లు షాపోళ్ల నోటిమాట మీదనే నడిచింది, 1991 నుంచి అమెరికాల బిల్లు కొట్టేటప్పుడు బార్‌కోడ్ స్కాన్ చేస్తరు చూడు, ఆ లెక్కను తీసుకున్నరు. దాంతో షాపాయన తనకు నచ్చిన పాట పేరు చెప్పే అవకాశం పోయింది. 2005ల డౌన్‌లోడ్లు కూడా కలిపిన్రు.

మన దగ్గర ఇది ఎందుకు కాలేదంటే, ఒకటి పాట విడిగా అమ్మరు, సినిమా క్యాసెట్ మొత్తం అమ్ముతరు. రెండోది, బిల్లే లేని కొనుగోలు. మూడోది, అసలు క్యాసెట్ ఒకటి కొంటే దాని మీంచి ఎన్ని కాపీలు పోయినయో ఎవరికి ఎరుక. మా షాపు లెక్క ఏ కంపెనీకీ తెల్వదు.

మన దేశంలనే చార్ట్ లేకుండెనా?

పేరున్నదంటే హిందీల బినాకా గీత్‌మాలా. అమీన్ సయానీ 1952 నుంచి రేడియో సిలోన్‌ల వారం వారం పాటలను మెట్లు లెక్క చెప్పేటోడు. మా నాయన తరం ఇయ్యాలటికీ ఆ గొంతు గురించి చెప్తరు. ఇంక ఇప్పటి తీరు అధికారిక చార్ట్ అంటే మన దేశంలో 2021 జూన్‌ల మొదలైంది, అది కూడా ఇంటర్నేషనల్ పాటలకే. బిల్‌బోర్డ్ వాళ్ల ఇండియా సాంగ్స్ చార్ట్ 2022ల వచ్చింది. అంటే మన హిట్లన్నీ చార్టు పుట్టకముందే అయిపోయినయి.

చార్ట్ లేకపోతే పాట హిట్టయిందని మీకెట్ల తెలిసేది?

నాకు ఇష్టమైన ప్రశ్న ఇదే. ఒక్కటి కాదు, చాన దిక్కుల నుంచి తెలిసేది.

మొదలు షాపు. అప్పుడు జనం ఖాళీ క్యాసెట్ కొనుక్కొని, నోట్‌బుక్కు కాగితం చింపి దాని మీద పాటల పేర్లు రాసుకొని తెచ్చేటోళ్లు. అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక సైడు ముప్పై నిమిషాలు, ఐదు నిమిషాల పాటలైతే సైడుకు ఆరు, మొత్తం పన్నెండు. పన్నెండే పట్టేది కాబట్టి మనిషి మస్తు ఆలోచించి రాసేటోడు, ఒకటి కొట్టేసి ఒకటి రాసేటోడు. వారంలో నలభై కాగితాలు వస్తే అందులో ముప్పై కాగితాల్లో ఒకటే పాట కనిపించిందంటే ఇంక చెప్పేదేముంది. జయం వచ్చినప్పుడు (2002 జూన్) "రాను రానంటూనే సిన్నదో" లేని కాగితం చూసిన యాది లేదు నాకు.

తర్వాత బండ్లు. దేవరకొండ నుంచి తండాలకు పోయే జీపులు, కమాండర్లు, సెవెన్ సీటర్ ఆటోలు. డ్రైవర్ సీటు ఎన్క రెండు పెద్ద స్పీకర్లు పెట్టుకునేటోళ్లు. కొత్త పాట ఉన్న బండి ముందు నిండేది, వెనకున్న బండి డ్రైవర్ మా షాపుకు ఉరికొచ్చి "గా పాట నాకూ ఎక్కియ్యి తమ్మీ" అని తొందరపెట్టేటోడు. దీనికంటె నిజమైన చార్ట్ నేను ఇప్పటికీ చూడలే, ఎందుకంటే దీంట్ల ఆయన పొద్దటి గిరాకీ ఉంది.

ఇంక పెండ్లి బ్యాండు. బ్యాండోళ్లు ఊరికే పాట నేర్చుకోరు, బారాత్‌ల జనం అడగాలె, ఒక్కసారి కాదు పది పెండ్లిళ్లల్ల అడగాలె. బ్యాండు మేళంలోకి వచ్చిందంటే ఆ పాట ఊరందరిదైనట్టే. చెరువుగట్టు జాతర, పెద్దగట్టు జాతర, అటు పాలమూరు దిక్కు కురుమూర్తి, మన్యంకొండ జాతరలల్ల మిఠాయి దుకాణాల మైకులు ఏం పాడుతున్నయో వింటే ఆ ఏడాది సంగతి సమజయ్యేది. టీవీల శుక్రవారం చిత్రలహరి, జెమినీ, ఈటీవీ పాటల ప్రోగ్రాములు ఉండె గానీ కరెంటు ఉంటే కద, టేప్‌కు నాలుగు బ్యాటరీలు వేసుకుంటే నడిచేది.

అవార్డులను బట్టి లిస్టు చేసుకోవచ్చా?

సగం వరకు పనికొస్తది. ఫిలింఫేర్ తెలుగు బెస్ట్ మ్యూజిక్ డైరెక్టర్ వరుస చూస్తే 2001కి నువ్వు నేను, 2002కి సంతోషం, రెండూ ఆర్పీ పట్నాయక్‌వి. 2003కి సత్యంతో చక్రి, 2004కి వర్షం, 2005కి నువ్వొస్తానంటే నేనొద్దంటానాతో దేవిశ్రీ ప్రసాద్. గాలి ఎటు నుంచి ఎటు మారిందో ఈ వరుసలో కనబడ్తది. అయితే ఇడియట్, జయం, ఒక్కడు, ఖుషి ఈ వరుసలో లేవు, అవి లేకుండా మీ లిస్టు పెడితే మీ బ్యాచోళ్లు ఊకోరు.

## పాటలు ఏరేటప్పుడు

మాది 2001-02 టెన్త్ బ్యాచ్, ఏ సినిమాల పాటలు పెట్టాలె?

2001 జూన్ నుంచి 2002 మార్చి పరీక్షల దాకా చెవుల పడ్డవి ఏరుకోండి. ఖుషి 2001 ఏప్రిల్ 27న వచ్చింది (అదే రోజు హైదరాబాద్‌ల టీఆర్‌ఎస్ పార్టీ పుట్టింది, మా షాపులో ఒక దిక్కు పవన్ కళ్యాణ్ పోస్టర్, ఇంకో దిక్కు తెలంగాణ పాటల క్యాసెట్లు ఉండె ఆ ఏడాదంతా), మీరు టెన్త్‌లోకి వచ్చేసరికి ఆ పాటలు మస్తు జోరు మీదుండె. ఆగస్టుల నువ్వు నేను. సెప్టెంబర్ అయితే ఒక్క నెలలనే నువ్వు నాకు నచ్చావ్, ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం, ఆనందం, స్టూడెంట్ నెం.1. అక్టోబర్‌ల మనసంతా నువ్వే. అంత నిండుగ వచ్చిన సెప్టెంబర్ నేను మళ్ల చూడలే, రాత్రి పదకొండింటి దాకా షాపు మూయకపోతుంటిమి.

మీకు తప్పకుండా ఉండాల్సింది స్టూడెంట్ నెం.1 లోని "ఎక్కడో పుట్టి ఎక్కడో పెరిగి" పాట. చంద్రబోస్ రాసిండు, కీరవాణి సంగీతం. మీ ఫేర్‌వెల్ నాడు ఎవరో ఒకరు పాడే ఉంటరు, అడిగి చూడండి.

మాది 2003-04, మాకు వేరే లిస్టు కావాల్నా?

వేరేదే. మీరు టెన్త్‌కు వచ్చేసరికి మూడు పాత క్యాసెట్లు ఇంకా మోగుతుండె, ఇడియట్ (2002), ఒక్కడు (2003 సంక్రాంతి), దిల్ (2003 ఏప్రిల్). ఆ తర్వాత జూలైల సింహాద్రి, సెప్టెంబర్‌ల ఠాగూర్, డిసెంబర్‌ల సత్యం, 2004 సంక్రాంతికి వర్షం. వర్షంలో "నైజాం పోరి" అని మన యాస పేరుతోని పాట ఉండేసరికి మా దిక్కు పోరగాళ్లు ఎగిరి గంతేసిన్రు. ఆర్య వచ్చేసరికి (2004 మే) మీ రిజల్ట్స్ టైం, కాబట్టి ఎండాకాలం సెలవుల పాట లెక్క ఒకటి కలుపుకోవచ్చు.

ఒక్కడు సంగతి ఒకటి చెప్పాలె. కథ కర్నూలుది, కొండారెడ్డి బురుజు, అటు హైదరాబాద్‌ల చార్మినార్. గద్వాల, అలంపూర్ దిక్కోళ్లకు కర్నూలు అంటే నది దాటితే వచ్చే ఊరు, సినిమాకు, ఆసుపత్రికి, సామానుకు అటే పోతరు. అందుకని ఆ దిక్కు బ్యాచ్‌లకు "చెప్పవే చిరుగాలి" పెట్టిండ్రంటే వేరే సంతోషం ఉంటది.

హ్యాపీ డేస్ పాటలు పెట్టొచ్చా, అవి అప్పటివే కదా?

కాదు, హ్యాపీ డేస్ 2007. బొమ్మరిల్లు 2006. గిట్లనే "ముస్తఫా ముస్తఫా" అప్పటిదనుకుంటరు, అది ప్రేమదేశం, 1996. తొలిప్రేమ 1998. పెట్టుకుంటే తప్పేం లేదు గానీ "మా టెన్త్ పాటలు" అని ఫ్లెక్సీ మీద రాసి ఇవి పెడితే నాబోటోడు ఒకడు లేచి అడుగుతడు.

"గుర్తుకొస్తున్నాయి" పాట ఏ ఏడాదిది, ఎవరు పాడిన్రు?

2004ల వచ్చిన నా ఆటోగ్రాఫ్ సినిమాలోది. పాడింది కేకే, రాసింది చంద్రబోస్, సంగీతం కీరవాణి. ఖుషిలో హిందీ మాటల పాట "యే మేరా జహా", ఆర్యలో "ఫీల్ మై లవ్" కూడా కేకేనే పాడిండు. తెలుగు రాని మనిషి, ఆ "గుర్తుకొస్తున్నాయి" అనే ఒక్క మాటను ఎంత తీరుగ అన్నడో వినండి, మన పక్కింటాయన అన్నట్టు ఉంటది. 2022 మే 31న కలకత్తాల ప్రోగ్రాం చేసి అదే రాత్రి పోయిండు.

గెట్ టుగెదర్ల అందరూ ఈ పాట మొదట్లనే పెట్టేస్తరు. నా మాట విని అన్నాలు తిన్నంక పెట్టండి, అప్పటికి ఒకరి మొఖం ఒకరు గుర్తుపట్టి ఉంటరు, పాటలో చెప్పినసోంటి చిన్నప్పటి సంగతులన్నీ మాటల్లకు వచ్చి ఉంటయి.

ఖుషిల "ఆడువారి మాటలకు" పాత పాటనా, కొత్త పాటనా?

పాతదాన్ని కొత్తగ చేసిన్రు. అసలు పాట 1955 మిస్సమ్మలోది, పింగళి రాసిండు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, ఏ.ఎం. రాజా పాడిండు. ఖుషిలో మణిశర్మ దాన్ని మళ్ల చేయించిండు. మా షాపుకు ఒక రిటైర్డ్ తెలుగు సారు వచ్చి రెండూ ఒకే క్యాసెట్ల పక్కపక్కన ఎక్కించుకొని పోయిండు, మనుమడికీ తనకూ కొట్లాట రాకుండ. మీరు కూడా గట్ల పెడితే వచ్చిన సార్లు ఖుషీ అయితరు.

డబ్బింగ్ పాటలు కలుపుకోవాల్నా?

కలుపుకోవాలె, అవి లేకుండ ఆ కాలం సగమే. సఖి (2000) ఏ.ఆర్. రెహమాన్‌ది, చెలి (2001) హారిస్ జయరాజ్‌ది, అందులో "మనోహరా" బాంబే జయశ్రీ పాడింది. బాయ్స్ 2003. 7జీ బృందావన్ కాలనీ 2004, యువన్ శంకర్ రాజా. ఊర్ల జీపులల్ల ఇవి అంత నడవలే గానీ హాస్టల్ రూములల్ల, ఇంజినీరింగ్ కోచింగ్‌కు పోయినోళ్ల వాక్‌మన్లల్ల ఇవే ఉండె.

మన జిల్లాలోళ్లు రాసిన పాటలు ఉన్నయా?

ఉన్నయి, ఉత్తగ ఉండుడు కాదు, ఆ అయిదేండ్లల్ల మన దిక్కు నుంచి వచ్చినంత బలమైన మాట ఇంకెక్కడి నుంచీ రాలేదని నా నమ్మకం.

సుద్దాల అశోక్ తేజది నల్లగొండ జిల్లా సుద్దాల, ఇప్పుడు యాదాద్రి భువనగిరి కిందికి వచ్చింది. తండ్రి సుద్దాల హనుమంతు, సాయుధ పోరాట కాలంలో "పల్లెటూరి పిల్లగాడా పసులగాసే మొనగాడా" రాసిన మనిషి. కొడుకు ఠాగూర్ కోసం రాసిన "నేను సైతం" పాటకు 2003 సంవత్సరపు జాతీయ అవార్డు వచ్చింది. ఆ ఎత్తుగడ శ్రీశ్రీది, మహాప్రస్థానంలోది, దాని మీద మిగతా పాట అశోక్ తేజ కట్టిండు. భద్రాచలం (2001) సినిమాలో "ఒకటే జననం ఒకటే మరణం" కూడా ఆయనదే. పోలీసు సెలక్షన్లకు పొద్దున నాలుగింటికి ఉరికే పోరగాళ్లు ఇయ్యాలటికీ అదే పెట్టుకుంటరు.

గోరటి వెంకన్నది పాలమూరు, తెలకపల్లి మండలం గౌరారం, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. ఆయన "పల్లె కన్నీరు పెడుతుందో" పాట 2002ల కుబుసం సినిమాలో వచ్చింది. సినిమా ఎంతమంది చూసిన్రో గానీ పాట ఊరూరు తిరిగింది. కుమ్మరి వామి, కమ్మరి కొలిమి, సాలోళ్ల మగ్గం, ఒక్కో కులవృత్తి ఎట్ల ఆగిపోతున్నదో ఆ పాట చెప్తుంటే షాపు ముంగట నిలబడ్డ పెద్దమనిషి కండ్లు తుడుసుకున్నడు. అప్పట్ల మా దిక్కు వరుస కరువు, బోర్లు ఎండినయి, పాలమూరు నుంచి బొంబాయికి బస్సులు నిండిపోయేవి. ఏ చార్ట్ లెక్కలకూ రాని పాట అది, కానీ ఆ కాలంలో ఈ నేల మీద పుట్టిన అన్నిట్ల పెద్ద హిట్ ఏదని నన్ను అడిగితే ఆ పాట పేరే చెప్త. వెంకన్నకు 2021ల కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, వల్లంకి తాళం పుస్తకానికి.

జిల్లా దాటి ఉత్తరం దిక్కు పోతే చక్రి, చంద్రబోస్, ఇద్దరూ వరంగల్ దిక్కోళ్లే. చంద్రబోస్‌కు 2023ల ఆస్కార్ వచ్చినప్పుడు మా పాత గిరాకీలు నాకు ఫోన్ చేసి "మన స్టూడెంట్ నెంబర్ వన్ పాట రాసినాయనే కదా" అన్నరు.

హిందీ పాటలు పెడితే ఎవరన్న ఏమన్న అంటరా?

ఎవరూ అనరు, మనకు హిందీ పరాయిది కాదు. నారాయణపేట, కోస్గి, కొడంగల్ దిక్కు ఇండ్లల్ల బొంబాయి పోయొచ్చినోడు లేని ఇల్లు తక్కువ, ఆ సంచులల్ల టేప్ రికార్డరూ క్యాసెట్లూ వచ్చేవి. కహో నా ప్యార్ హై 2000, దిల్ చాహ్‌తా హై 2001, కల్ హో నా హో 2003. ఒక్కటే పెట్టాలంటే తేరే నామ్ (2003) పెట్టండి. ఆ పాటలతో పాటు ఆ నడిమి పాపిడి కటింగ్ కూడా ఊర్లల్లకు వచ్చింది, మీ గ్రూప్ ఫోటోలు తీసి చూడండి, కనీసం ఇద్దరికి ఉంటది.

అప్పుడు అమెరికా, లండన్‌ల నెంబర్ వన్ ఏం ఉండె?

పిల్లలు అడుగుతరు ఇది. బిల్‌బోర్డ్ ఏడాది చివరి లెక్కల మొదటి స్థానం 2000ల ఫెయిత్ హిల్ పాడిన "బ్రీత్", 2001ల లైఫ్‌హౌస్ బ్యాండ్ పాట, 2002ల నికెల్‌బ్యాక్, 2003ల ఫిఫ్టీ సెంట్, 2004ల అషర్ "యా". విచిత్రం ఏందంటే మొదటి రెండూ వారం లెక్కల ఎన్నడూ నెంబర్ వన్ కాలే, రెండో స్థానం దాకనే పోయినయి. చాన వారాలు పట్టిక మీద నిలబడ్డందుకు ఏడాది మొత్తానికి మొదటివైనయి. లండన్‌ల అయితే 2000ల అన్నిటికంటె ఎక్కువ అమ్మింది చిన్నపిల్లల టీవీ బొమ్మ బాబ్ ద బిల్డర్ పాట, 2001ల షాగీ, 2002ల టీవీ పోటీ గెలిచిన విల్ యంగ్.

మన దేశం పాట ఏదన్న అక్కడి చార్టుల ఎక్కిందా?

ఎక్కింది. పంజాబీ ఎంసీ అనేటాయన చేసిన "ముండియా తో బచ్ కే" 2003 మొదట్ల ఇంగ్లండ్ చార్టుల అయిదో స్థానం దాకా పోయింది, పాడింది లాభ్ జంజువా, పూర్తి పంజాబీ మాటలు. 2002ల అమెరికాల ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాటలో లతా మంగేష్కర్ గొంతు వినపడేది, అది బప్పీ లహిరి చేసిన "థోడా రేశమ్ లగ్తా హై". అది బిల్‌బోర్డ్‌ల మొదటి పదిలకు పోయింది, అడగకుండ వాడుకున్నరని కోర్టు కేసు కూడా అయింది.

## పాత క్యాసెట్ దొరికినంక

ఇరవై ఏండ్ల క్యాసెట్ పెడితే గరగర అంటుంది, పాడైనట్టేనా?

తొందరపడి పారెయ్యకండి. ముందు ప్లేయర్ హెడ్ తుడవాలె, మెడికల్ షాపుల దొరికే స్పిరిట్‌ల దూది ముంచి మెల్లగ తుడిస్తే నల్లటి మురికి వస్తది. తర్వాత క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ల వెనక్కు తిప్పాలె, ఏండ్ల తరబడి ఒకే తీరుగ చుట్టుకొని ఉంటది కద, వదులైతది. మిషన్ మీద తిప్పే ముందు పెన్సిల్ పెట్టి చేత్తో ఒక నాలుగు చుట్లు తిప్పి బిగిసిందా చూసుకోండి. టేపు మీద తెల్లటి బూజు కనబడితే మాత్రం ప్లేయర్‌ల పెట్టొద్దు, అది హెడ్‌కు అంటి మిగతా క్యాసెట్లను కూడా పాడుచేస్తది. శబ్దం బాగ తక్కువ వస్తే లోపల చిన్న స్పాంజి ముక్క ఉంటది, టేపును హెడ్‌కు ఒత్తి పట్టేది, అది ఊడిపోయిందేమో చూడండి. వేరే పనికిరాని క్యాసెట్‌లోని ముక్క తీసి అంటిస్తే పాట మళ్ల పలుకుతది.

క్యాసెట్ పాటను ఫోన్లకు ఎట్ల ఎక్కించాలె?

స్పీకర్ ముంగట ఫోన్ పెట్టి రికార్డ్ చెయ్యొద్దు, ఫ్యాన్ శబ్దం, కుక్క అరుపు అన్నీ వస్తయి. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరు కంప్యూటర్ లైన్-ఇన్‌కు, లేకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డుకు పెట్టండి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల రికార్డ్ చేయండి. గీత ఎర్రగ పోకుండ వాల్యూమ్ తగ్గించి పెట్టుకోండి, తక్కువ రికార్డయితే తర్వాత పెంచొచ్చు, పగిలిన శబ్దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ముందు వేవ్ ఫైల్ లెక్క దాచండి, గంట క్యాసెట్‌కు దగ్గర దగ్గర 600 ఎంబీ అయితది, ఆ తర్వాత ఎంపీ3 చేసుకొని అందరికీ పంపండి. నాయిస్ తీసే బటన్ ఎక్కువ నొక్కితే గరగర పోతది, దాంతోపాటు తబలా చప్పుడు, గొంతులో ఊపిరీ పోతయి. నేనైతే ఆ కొంచెం గరగర ఉండనిస్త.

అప్పటి ఎంపీ3 సీడీ చదువుతలేదు, ఏం చేయాలె?

ఇంట్ల రాసిన సీడీలు క్యాసెట్ల కంటె ముందే పోయినయి, ఇది చాన మందికి ఆశ్చర్యం. ఒక 700 ఎంబీ సీడీల నూట నలభై పాటల దాకా పట్టేవి కాబట్టి 2003, 2004 నాటికి అందరం అటే మారినం. మెత్తటి బట్టతోని నడిమి నుంచి అంచుకు నిలువుగ తుడవండి, గుండ్రంగ తుడవొద్దు. ఇంకో కంప్యూటర్ డ్రైవ్‌ల వేసి చూడండి, ఒకదాంట్ల రానిది ఇంకోదాంట్ల వస్తది. వచ్చినప్పుడే వెంటనే కాపీ చేసుకోండి.

నా క్యాసెట్ల పాట కొంచెం ఫాస్ట్‌గ ఉంది, వేరే వర్షనా?

వర్షన్ కాదు. రికార్డ్ చేసిన మిషన్ మోటార్ కొంచెం మెల్లగ తిరిగితే మీ ప్లేయర్‌ల ఫాస్ట్ వినిపిస్తది. ఆడాసిటీల స్పీడ్ మార్చుకోవచ్చు.

## ఫంక్షన్ రోజు

ఎన్ని పాటలు పెడితే సరిపోతది?

పన్నెండు. వంద పాటల పెన్‌డ్రైవ్ పెడితే ఒక్కటీ ఎవరూ వినరు.

మేము డిజిటల్ చేసిన పాటలను యూట్యూబ్‌ల పెట్టొచ్చా?

పెట్టొద్దు. క్యాసెట్ మీదే కావచ్చు, పాట హక్కు ఆడియో కంపెనీది. మన కాపీరైట్ చట్టం ప్రకారం పాట వచ్చిన మరుసటి ఏడాది నుంచి 60 ఏండ్లు హక్కు ఉంటది, అంటే 2001 పాట 2061 దాకా. మీరు మీ ఇంట్ల వినండి, కలయికల వీడియో పెట్టాలనుకుంటే మాటలు, నవ్వులు ఉన్న ముక్కలు పెట్టండి.

సార్లు, మేడమ్‌లు స్టేజీ మీద ఉన్నప్పుడు ఏ పాట?

నా ఆటోగ్రాఫ్‌ల "మౌనంగానే ఎదగమని", చిత్ర పాడింది. తొంభై దాటిన సారు ఉన్నా ఏడో తరగతి మనుమరాలు ఉన్నా ఇద్దరికీ ఎక్కుతది.

మా క్లాస్‌మేట్ ఒకడు చనిపోయిండు, వాని కోసం ఏ పాట పెట్టాలె?

నన్ను అడగకండి, వాళ్లింట్ల అడగండి. వాడు ఏ పాట కూనిరాగం తీసేటోడో వాళ్ల అమ్మకు తెలుస్తది.

పోయినేడాది ఒక 2002 బ్యాచోళ్లు ఇదే అడిగితే ఊరి పేరు విని నా డబ్బలు తీసి చూసిన. గిరాకీలు ఇచ్చిపోయిన కాగితాలు కొన్ని పారెయ్యక దాచిన, అందులో ఆ పిల్లగాంది దొరికింది. లెక్కల నోట్‌బుక్కు కాగితం, మీద పేరు, ఊరు, కింద గుండ్రటి అక్షరాలతో పన్నెండు పాటలు, ఏడో పాట కొట్టేసి పక్కన ఇంకోటి రాసుకున్నడు. ఫోటో తీసి పంపలే, నేనే తీసుకపోయి ఇచ్చిన. వాళ్లు ఆ పన్నెండే అదే వరుసలో పెట్టుకున్నరు. మొదటిది ఇట్లు శ్రావణి సుబ్రమణ్యంలోని "మళ్లి కూయవే గువ్వా", ఆఖరిది "ఒకటే జననం". ఏడో పాట దగ్గర వాళ్ల తమ్ముడు ఆపమని, కొట్టేసిన పాటను కూడా పెట్టించిండు.